మునిగింది మా తొలి పట్నం

మా రోజుల్ల మా ఊరు కోటిలింగాలల వాన వెలిసిందంటే పిల్లలందరం మట్టిదిబ్బల మీదికి ఉరికేటోళ్ళం. మట్టి కోసుకపోయిన కాడ కుండపెంకులు, పూసలు తేలేటివి, నసీబుంటే నాణెం. పచ్చగ చిలుముపట్టి చింతగింజంత ఉండేది. చింతపండు పెట్టి రుద్దితే ఒక దిక్కు ఏనుగు బొమ్మ, అంచు పొంటి గీతలు కనవడేటివి. అవి బ్రాహ్మీ అక్షరాలని తర్వాత పెద్దలు చెప్పిండ్రు.

శాతవాహన వంశానికి ఆదిపురుషుడైన ఛిముకుని పేరు ఆ అక్షరాలల్ల ఉన్నది. అప్పటిదాంక ఆ రాజు పురాణాలల్ల, మహారాష్ట్రల నానేఘాట్ గుహల మాత్రమే ఉండె. ఆయనకంటే ముందటి రాజులు గోబద, నారన, కంవాయ, సమగోపల నాణేలు గూడ మా మట్టిలనే దొరికినయి. పోస్టాఫీసుల నౌకరి చేసుకుంట సంగనభట్ల నరహరిశర్మగారు వాటిని ఏరి భద్రం చేసిండ్రు. శాసన పండితులు పరబ్రహ్మశాస్త్రిగారు చదివి లోకానికి చెప్పిండ్రు. తెలంగాణ చరిత్రను రెండువేల ఏండ్ల కిందికి తీసుకపోయిన పని అది.

గోదారిల పెద్దవాగు గలిసే మూలల కట్టిన పట్నం కోటిలింగాల. నీళ్ళే దానికి కందకం, నీళ్ళే బాట. చుట్టూ మట్టికోట. ధూళికట్టల బౌద్ధస్తూపం, పెద్దబొంకూరుల ఇటుక బావులు, కమ్మరికొలుములు, అన్నీ ఈ చుట్టుపక్కలనే బయటవడ్డయి. పురావస్తు శాఖ 1979 నుంచి తవ్వింది. తవ్వింది కొంతే, మిగిలిందే ఎక్కువ.

మిగిలిన దాంట్ల చాలమటుకు ఎల్లంపల్లి నీళ్ళు మింగినయి. 20 టీఎంసీల బ్యారేజీ. నీళ్ళు వద్దని నేననను, ఎండిన చెల్కలు చూసినోన్ని. కని నాగార్జునసాగర్ కట్టేటప్పుడు ఏం జేసిండ్రు? 1954 నుంచి 1960 దాంక అక్కడ మునిగే లోయంత తవ్విండ్రు. కట్టడాలను కొండమీదికి తరలించి మ్యూజియం పెట్టిండ్రు. అప్పుడు దేశం బీదది, అయినా చేసింది. యాభై ఏండ్ల తర్వాత, అంతకంటే పైసలున్న కాలంల, మా ఊరికి ఆ పాటి ఎందుకు జరగలేదు?

ఇప్పటి పిల్లలు గుడికి మొక్కి, పడవెక్కి ఫోటోలు దిగి పోతరు. కిందున్నది ఏందో చెప్పేటోళ్ళు లేరు. వాళ్ళ తప్పు గాదు. 2016ల జిల్లా జగిత్యాల అయింది, బోర్డులు మారినయి, మండలాలు మారినయి. ఇంత తొందరగ అన్నీ మార్చేటోళ్ళకు ఒక పాత ఊరిని కాపాడ తీరిక దొరకదా అని నాకు మండుతది.

ఎండకాలం నీళ్ళు తగ్గితే ఒడ్డు తేలుతది. అప్పుడన్నా పలుగు, పార పట్టుకొని రావాలె. మునగని దిబ్బలను కంచెవేసి తవ్వాలె. దొరికినయన్నీ హైదరాబాదుకు మూట గట్టకుంట, ఈ ఒడ్డుమీదనే ఒక మ్యూజియం కట్టి పెట్టాలె. ఊరోళ్ళ ఇండ్లల్ల ఇంకా నాణేలున్నయి, అడిగితే ఇస్తరు.