23 కిలోల సంసారం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి పిల్లాజెల్లాతో అమెరికా బయల్దేరే కుటుంబాలకు సూత్రం ఒక్కటే. పెట్టెలు సర్దేటప్పుడు ఇక ఈ జన్మలో తిరిగి రామనుకోవాలి. ఇంటికి తాళం వేసేటప్పుడు వచ్చే ఆదివారమే వచ్చేస్తామనుకోవాలి. ఈ రెండూ ఒకేసారి నమ్మగలిగినవాళ్లకు మిగతా సలహాలు వాటంతటవే అలవడతాయి.

వీసాలు పడ్డ పాస్‌పోర్టులు చేతికి రాగానే సర్దడం మొదలుపెట్టకండి. ఎగిరిపోవడానికి ఎంత తొందరో అంటారు నలుగురూ. ఉన్న రోజులన్నీ భోజనాలకు తిరగండి. మేనత్త ఇంట్లో బగారన్నం తిన్నాక చిన్నమ్మ ఇంట్లో తినకపోతే బాగుండదు. మధ్యలో వాడపల్లికో మట్టపల్లికో వెళ్లి నరసింహస్వామికి చెప్పి రండి. పిల్లలకు నిద్రా అరుగుదలా రెండూ చెడేదాకా తిప్పాక, సజ్జ మీది సామాను దించే పని ఆఖరి రెండు రాత్రులకు పెట్టుకోండి. గంగాళం దిగుతుంది, పాడైన కూలర్ మోటారు దిగుతుంది, పెళ్లి ఆల్బం దిగుతుంది. ఆల్బం దిగిందంటే ఆ రాత్రికి పని ముగిసినట్టే. ఫొటోలో మూడో వరసలో నిలబడ్డ గళ్ల చొక్కా ఎవరో తేలకుండా ఎవరూ లేవరు.

సామాను తూకానికి వద్దాం. చాలా టికెట్ల మీద సీటున్న మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. నలుగురికి ఎనిమిది. దిగాక వాటిని లాగే చేతులు నాలుగే, అందులో రెండు నిద్రపోయిన పిల్లల కింద ఉంటాయన్న లెక్క ఇప్పుడే వేసి మనసు పాడుచేసుకోవద్దు. చేతి కాంటా కొనడం కూడా దండగ. మిర్యాలగూడ వాళ్లు మిల్లుల మధ్య పెరిగినవాళ్లు, ఎత్తి చూసి చెప్పేస్తారు. చిక్కల్లా ఏమిటంటే, 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యానికి ఐదు శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించుకోవడానికి మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తా తెచ్చారు. కాబట్టి బావమరిది పెట్టె పైకెత్తి "సరిగ్గా బస్తా ఉంది బావా" అన్నాడంటే మూడు కిలోలు ఎక్కువన్నమాట.

ఆడపిల్ల సముద్రాలు దాటుతుంటే ఒడిబియ్యం పోయకుండా పంపుతామా? పోయించండి. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఎండు ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ అన్నీ ఒడిలోంచి నేరుగా సూట్‌కేసులోకి ఒంపండి. ఆ బియ్యం అత్తగారింట్లో వండుకోవాలి, కాపురం డాలస్‌లో అయితే డాలస్‌లోనే వండాలి కదా. కుడుకల సంగతి విమానం వాళ్లు చూసుకుంటారు. ఎండు కొబ్బరి నూనె సరుకు, ఇట్టే అంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. బియ్యం సంగతి అమెరికా కస్టమ్స్ వాళ్లు చూసుకుంటారు. ఖాప్రా అనే పురుగు ధాన్యాన్ని తొలిచేస్తుందని, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని 2011లోనే ఆపేశారు. ఆ దేశాల్లో మనదొకటి. ఆఖరికి ఒడిలో మిగిలేది రవికె గుడ్డ. ప్రయాణానికి ముందురోజే ఆ బియ్యంతో ఇక్కడే పరమాన్నం వండి అందరికీ పెట్టేద్దామనే పెద్దావిడ ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. ఆమె మాట వింటే పని తేలికవుతుంది కనుక వినకండి.

పచ్చళ్ల దగ్గర అసలు మొహమాటం వద్దు. "ఆడ దొరుకుద్దో దొరకదో, ఇంకొక్క డబ్బా పెట్టనీయ్ బిడ్డా" అని నాయనమ్మ అంటే పెట్టనీయండి. ఇర్వింగ్, ఫ్రిస్కో కొట్లలో గోంగూర కట్టలు కూడా దొరుకుతాయని ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు లేరు. ఆవకాయతో ఇబ్బంది లేదు, ఫారంలో రాసి చూపిస్తే మామూలుగా వదిలేస్తారు. అందుకే దాని పక్కన నాటుకోడి పచ్చడి, పెరటి కరివేపాకు పెట్టి, ఫారంలో 'తినేవి ఏమీ లేవు' అని రాయండి. మాంసానికీ కరివేపాకుకూ అక్కడ ప్రవేశం లేదు, దాచినందుకు జరిమానా అదనం. టికెట్ దుబాయ్ మీదుగా అయితే గసగసాలు మరవద్దు. అక్కడ వాటిని మత్తుమందుల లెక్కలో చూస్తారు, ప్రయాణం మరీ చప్పగా ఉండదు. మిక్సీ కూడా పెట్టుకోండి. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. అది తిరుగుతుంది, పప్పు మాత్రం నలగదు.

పిల్లల విషయానికొస్తే, వాళ్లనూ సామాను కిందే లెక్కెయ్యాలి. ఐదేళ్ల పిల్లకు అమెరికా సంగతి చెప్పకండి. "హైదరాబాద్ పోతున్నం" అంటే చాలు, సగం నిజమే కదా. సైకిల్ ఆమె బడికి వెళ్లినప్పుడు ఎవరికైనా ఇచ్చేయండి. సాయంత్రం వెతుక్కుంటే అక్కడ ఇంతకంటే పెద్దది కొనిస్తామనండి. ఆమెకు పెద్దది అక్కర్లేదు. వెనక చక్రం పుల్లలకు మేనమామ ఎక్కించిన ప్లాస్టిక్ పూసలు టకటకమంటూ గేటు దగ్గరి నుంచి నీళ్ల సంపు దాకా వినిపించేది, అదే కావాలి. ఆ సంగతి మీకు తెలియనట్టే ఉండండి. పక్కింటి నేస్తానికి తన చేత్తో తనే ఇచ్చే అవకాశం మాత్రం ఇవ్వొద్దు. అట్లా ఇచ్చిన పిల్ల పెద్దగా ఏడవదు, మనకు ఓదార్చే పని ఉండదు. పాత చీరతో కుట్టిన బొంత కూడా వదిలేయండి. బరువు పెద్దగా లేదు గానీ ఆ చోటులో ఇంకో పచ్చడి డబ్బా పడుతుంది. పగలూ రాత్రీ తారుమారై అర్ధరాత్రి రెండింటికి లేచి కూర్చున్న పిల్లకు మూత తీసి ఆవకాయ వాసన చూపించండి.

టీకాల కార్డు బీరువా లాకర్‌లో భద్రంగా దాచి రండి. అక్కడి బడిలో మొదట అడిగే కాగితాల్లో అదొకటి. మన సర్కారు టీకాల్లో తట్టుకూ రుబెల్లాకూ కలిపి ఎంఆర్ ఇస్తారు. వాళ్లు గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్ అడుగుతారు, పైన ఆటలమ్మ టీకా. పిల్లల డాక్టరు దగ్గర ఒక సాయంత్రం కూర్చుంటే ఏవి వేశారు, ఏవి వేయాలి అన్నది తేలిపోతుంది. సాయంత్రాలన్నీ భోజనాలకే సరిపోయాయి, ఏం చేస్తాం. పుట్టిన సర్టిఫికెట్లు, బడి టీసీ పెద్ద సూట్‌కేసులో అడుగున, నూనె కారే డబ్బా కింద పెట్టండి.

ఇక ఇల్లు. వచ్చే ఆదివారం వస్తున్నాం కనుక ఏదీ కదపకండి. ఫ్రిజ్ ఆపి, అరగిన్నె పెరుగుతో సహా తలుపు గట్టిగా మూయండి. ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోసే మనిషిని పెట్టొద్దు. గ్యాస్ కనెక్షన్ అప్పగించి డిపాజిట్ తెచ్చుకోవడం నామోషీ. తాళంచెవులు నలుగురు బంధువులకు తలా ఒకటి ఇవ్వండి, మొదటి వాన కురిశాక కిటికీ మూశారా అని ఒకరినొకరు అడుక్కుంటారు. ఇంటి వ్యవహారాలకు జీపీఏ రాయాలంటే ఇక్కడ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పూట పని. అక్కడికి వెళ్లాక రాస్తే ఇండియన్ కాన్సులేట్ ముద్ర, కొరియర్, మళ్లీ ఇక్కడ స్టాంపు. రెండోదే ఎంచుకోండి, నలుగురు ఆఫీసర్లు పరిచయమవుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడి సిమ్ రీచార్జ్ చేయకుండా వదిలేయండి. బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చాలన్న నియమం గుర్తొచ్చేసరికి నంబరు వేరేవాళ్ల జేబులో ఉంటుంది.

ప్రయాణం సంక్రాంతి వెళ్లిన ఆదివారం రాత్రికి పెట్టుకోండి. ఆ సాయంత్రం హైదరాబాద్ జనమంతా పంతంగి టోల్ గేట్ దగ్గర కనిపిస్తారు, విడివిడిగా వీడ్కోళ్లు చెప్పే పని తప్పుతుంది. రెండు ఇన్నోవాలకు తగ్గకుండా బంధువులను వెంట తీసుకెళ్లండి. వీళ్లతో పని ఉంది. శంషాబాద్‌లో కాంటా 26 చూపించాక, ఎనిమిది పెట్టెలూ నేల మీద విప్పి, లోపలి బట్టలు, డబ్బాలు, గిన్నెలు పదిమంది ముందూ పరిచి, ఏది తీయాలో అని మొగుడూ పెళ్లాలు కొట్లాడుకుంటుంటే, తీసినవాటిని సంచుల్లో వేసుకునేవాళ్లు కావాలి. మొదట మిక్సీ వస్తుంది, తర్వాత కుడుకలు, ఆ తర్వాత సకినాలు. వెంట వచ్చేవాళ్లకు మధ్యాహ్నం భోజనం పెట్టకుండా తీసుకురండి. సూర్యాపేట బండి అయినా, మిర్యాలగూడ బండి అయినా తిరిగి నార్కట్‌పల్లి దాటేలోపల సకినాలు అయిపోవాలి.