స్నానానికి ముందు స్నానం

స్నానం గురించి నల్లగొండ జిల్లా వాడపల్లి మనిషికి ఇంకొకరు నేర్పేదేమీ లేదు. ఊరి పక్కన కృష్ణ, వచ్చి అందులో కలిసే మూసీ. సంగమం దగ్గర మీనాక్షీ అగస్త్యేశ్వరుడు. ఆ శివలింగం నెత్తిమీది గుంటలో కూడా నీళ్ళే, ఎంత తోడినా తరగవని భక్తుల మాట. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చినప్పుడు ఇక్కడి ఘాట్లమీద జనం ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో మనవడి రెక్క పట్టుకొని మునిగారు. కాకపోతే మూసీ వచ్చేది హైదరాబాదు మొత్తాన్నీ కడుక్కొని. అందుకే సంగమంలో మునిగిన పుణ్యం చెడకుండా ఇంటికెళ్ళి ఇంకోసారి పోసుకునే జాగ్రత్తపరులు కూడా ఉంటారు.

అలాంటి పెద్దాయన ఒకరు టోక్యోలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళారనుకుందాం. ఇదేమంత గాలిమేడ కాదు. టోక్యో తూర్పున నిషి కసాయి చుట్టుపక్కల భారతీయులు వేలల్లో ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఊరినుంచి అమ్మానాన్నలు దిగారంటే ఫుజి కొండనూ వేడినీటి బుగ్గనూ చూపించకుండా పంపరు. ఈ కొడుకు కుసాత్సు ఎంచుకున్నాడు.

కుసాత్సు గున్మా ప్రాంతంలో, సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. పక్కనే అగ్నిపర్వతం. ఊరి నడిబొడ్డున చెక్క కాలువల్లో నీళ్ళు పొగలు కక్కుతూ పారుతుంటాయి, గాలినిండా మురిగిన కోడిగుడ్డు వాసన. నీటి వేడి 50 డిగ్రీల పైమాటే. చన్నీళ్ళు కలిపితే గుణం పలచబడుతుందని, ఆరడుగుల చెక్కలు పట్టుకొని ఆడవాళ్ళు పాట పాడుతూ ఆ నీళ్ళను తిరగేసి చల్లారుస్తారు. ఇప్పుడది టికెట్టు కొని చూసే వేడుక.

"రెండు బకెట్లు చన్నీళ్ళు పోస్తే అయిపోయేదానికి ఇంత కచేరీ ఎందుకురా?" అంటారు పెద్దాయన.

అసలు కథ బట్టలు మార్చుకునే గదిలో మొదలవుతుంది. మగవాళ్ళ గది వేరు, ఆడవాళ్ళ గది వేరు, అంతవరకు బాగానే ఉంది. లోపల మాత్రం ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. లుంగీ పనికిరాదు, డ్రాయరు పనికిరాదు. జేబురుమాలుకు అన్నలాంటి చిన్న తువాలు ఒకటి ఇస్తారు, దాన్నీ నీళ్ళలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. దాచాల్సింది ఒకచోట, దాచే గుడ్డ ఇంకోచోట! తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూడకుండా గోడమీది నిబంధనల బోర్డును శ్రద్ధగా చదవడం మొదలుపెడతారు. బోర్డు జపనీసులో ఉంటుంది. అయినా చదువుతారు.

ఆ తర్వాత చిన్న పీటమీద కూర్చొని, సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకొని, నురగ పోయేదాకా కడుక్కుంటే తప్ప తొట్టిలోకి దిగనివ్వరు.

"తానం జెయ్యనీకి వస్తే, ముందు తానం జేసి రమ్మంటరేందిరా?"

"మెల్లగా మాట్లాడు నాయినా, అందరూ చూస్తున్నరు."

గొంతెత్తి మాట్లాడితే తప్పు, ఈదితే తప్పు, నీళ్ళు చిమ్మితే మరీ తప్పు. 'హర హర మహాదేవ' అనకుండా మునగడం పెద్దాయనకు కొత్త. ఇంతకీ అక్కడ తల ముంచడం కూడా తప్పేనట.

ఆడవాళ్ళ వైపు చిక్కు ఇంకో రకం. ఒంటిమీద పచ్చబొట్టు ఉంటే చాలా స్నానశాలల్లో ప్రవేశం లేదు. యకూజా ముఠాలవాళ్ళు ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకుంటారు గనుక వచ్చిన కట్టడి అది. 2013లో హొక్కైడోలో ఒక మావోరీ మహిళను, ముఖంమీద సంప్రదాయపు పచ్చబొట్టు ఉందని, లోపలికి రానివ్వలేదు. ఆ లెక్కన ముంజేతిమీద తేలూ చుక్కలూ పొడిపించుకున్న మన అవ్వలంతా ముఠానాయకురాళ్ళే. కొన్నిచోట్ల కప్పుకోవడానికి స్టిక్కర్లు ఇస్తారు. అయితే నల్లగొండ అవ్వ పచ్చబొట్టు మోచేతినుంచి మణికట్టుదాకా ఉంటే, స్టిక్కర్ల కట్ట మొత్తం ఆమెకే ఖర్చవుతుంది.

ఇలాంటి నీళ్ళు మనకు లేవా అంటే ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. మణుగూరు వైపు భూగర్భపు వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం కూడా పెట్టింది. మరి వాడపల్లికి? 1948 నాటి జపాను చట్టం తిరగేస్తే ఆశ పుడుతుంది. భూమిలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలుంటే చాలు, వేడినీటి బుగ్గ కిందే లెక్క. మిర్యాలగూడ పొలాల్లో బోరు వేస్తే అంతకంటే వెచ్చగానే పోస్తుంది. అంటే మన వరి మొత్తం వేడినీటి బుగ్గల్లోనే పండుతోందన్నమాట!

25 డిగ్రీలు లేకపోయినా పరవాలేదు. చట్టంలోని పందొమ్మిది పదార్థాల్లో ఏ ఒక్కటి తగుపాళ్ళలో ఉన్నా ఆ హోదా దక్కుతుంది. అందులో ఫ్లోరైడ్ ఒకటి, కిలో నీటికి 2 మిల్లీగ్రాములు. ఇక్కడ నవ్వు కాస్త గొంతుకు అడ్డం పడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగొద్దని మన ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి ఎముకలు వంచింది ఆ ఫ్లోరైడే. దాన్ని నీటినుంచి తీసే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. అక్కడ ఒళ్ళు నానబెడతారు, ఇక్కడ తాగాల్సి వచ్చింది, తేడా అంతే.

కుసాత్సు నీళ్ళకూ ఒక రోగం ఉంది. అవి గాఢమైన ఆమ్లం, ఇనుప మేకును కూడా తినేస్తాయి. కిందికి పారే నదిలో చేప బతికేది కాదు, కాంక్రీటు వంతెన నిలిచేది కాదు. అందుకే 1964లో ప్రత్యేకంగా ఒక కర్మాగారం పెట్టి, అప్పటినుంచి రోజూ టన్నులకొద్దీ సున్నపురాయి పొడి నదిలో కలుపుతున్నారు.

ఇది విన్నాక పెద్దాయన అప్పటిదాకా లేని ఉత్సాహంతో నీళ్ళలోంచి లేవబోయి, నెత్తిమీది తువాలు గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంటారు. వాడపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదే సున్నపురాయి మీద.

"టన్నుకు ఎంతిస్తున్నరో కనుక్కోరా. లారీ కిరాయి మనం చూసుకుందాం."