నడుమ తిరుమలగిరి (టీకా తాత్పర్య సహితము)

ఆ.వె.
రెండు వారములకె రేపు మాపనుచును
పెట్టె విప్పకుండ పెరటి గదిని
వదలు దేశమొకటి వలచు దేశమొకటి
నడుమ తిరుమలగిరి నాకు దిక్కు

అవతారిక: ఈ పద్యానికి కర్త మా మేనల్లుడు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊళ్లో పదేళ్లు ఉన్నాడు. నిరుడు ఉద్యోగం పోయింది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. వాడు విడిచాడు. కెనడాకు అర్జీ పెట్టుకొని, అది తేలేదాకా సికింద్రాబాదు తిరుమలగిరిలో మా అక్కయ్య ఇంట్లో దిగాడు. శ్రావణంలో వచ్చాడు. ఇప్పుడు చైత్రం.

పద్యం రాసే తీరిక వాడికి బోలెడుంది, అలవాటు లేదు. ఈ ఎనిమిది నెలలుగా వాడు నోటితో అంటున్న ముక్కలనే, ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఆటవెలదిలోకి ఎక్కించాను. కనుక గణదోషాలుంటే నావి. తక్కిన దోషాలు కవివి. మన మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొని వ్యాఖ్యానాలు చేశాడు. ఆ ఒట్టులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థము: రెండు వారములకె = పదునాలుగు దినముల కొరకు మాత్రమే (దీని సంగతి కింద చూడుడు); రేపు మాపు అనుచును = నేడో రేపో ప్రయాణమని పలుకుచు; పెట్టె విప్పకుండ = ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెంటికిని తాళమైనను తీయక; పెరటి గదిని = మొన్నటిదాకా బియ్యం డబ్బాలు, పాత కుట్టుమిషను ఉండిన రేకుల గదియందు; వదలు దేశము ఒకటి = అమెరికా; వలచు దేశము ఒకటి = కెనడా; నడుమ = ఆ రెంటి మధ్యను; తిరుమలగిరి = తిరుమలగిరియే; నాకు = కవికి; దిక్కు = చూ. వివరణ.

‘రెండు వారములకె’ అన్నచోట ‘ఎ’ అవధారణార్థకం. రెండే, మూడు కాదు అని. ఎనిమిది నెలలు గడిచాక కూడా ఈ మాట అబద్ధం కాకపోవడమే ఇందులోని చమత్కారం. కెనడావారు 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుపుతున్నారు. అర్జీదారులందరినీ ఒక చెరువులో పోసినట్టు పోసి, వయసుకు ఇన్ని, చదువుకు ఇన్ని, భాషకు ఇన్ని అని పాయింట్లు వేసి, ఇంచుమించు రెండు వారాలకోసారి పైనున్నవాళ్లను గాలం వేసి లాగుతారు. దీన్ని డ్రా అంటారు. ప్రతి డ్రాకూ వీడి ఆశ కొత్తగా మొలుస్తుంది. 2023 నుంచి ఇందులో వర్గాలు కూడా వచ్చాయి. ఒకసారి ఆసుపత్రుల్లో పనిచేసేవారిని, ఇంకోసారి ఫ్రెంచి వచ్చినవారిని పిలుస్తారు. అందుకే కొంతకాలంగా తెల్లవారుజామున మా అక్కయ్య పెరట్లోంచి ఫ్రెంచి పాఠం వినిపిస్తోంది. అంతకుముందు ఇంగ్లీషు పరీక్ష అయింది. పదేళ్లు ఇంగ్లీషులోనే పనిచేసి, ఇంగ్లీషులోనే ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, తనకు ఇంగ్లీషు వచ్చునని ఐఈఎల్‌టీఎస్ రాసి రుజువు చేసుకున్నాడు. ఆ రుజువు రెండేళ్లే చెల్లుతుంది. ఆ తరువాత వాడికి ఇంగ్లీషు రానట్టు లెక్క.

కనుమనాడు వాడి పుట్టినరోజు. ముప్పై మూడు వచ్చాయి. అక్కయ్య గారెలు వండి, పాయసం కాచింది. వాడు గిన్నె ముందర పెట్టుకొని దిగాలుగా కూచున్నాడు. పెళ్లికాని అర్జీదారుకు ముప్పై రెండేళ్లకు 94 పాయింట్లు, ముప్పై మూడుకు 88. ఒక్క రాత్రిలో ఆరు పోయాయి. నలభై అయిదు నిండితే వయసు కింద సున్నా. శతమానం భవతి అని దీవించబోయి నేను నోరు మూసుకున్నాను.

‘పెట్టె విప్పకుండ’: ‘విప్పక’ అనాలి, గణం కోసం ‘కుండ’ చేర్చాను, క్షంతవ్యుణ్ని. విషయం మాత్రం యథార్థం. రెండు పెట్టెలూ గోడకు ఆనించి నిలబడే ఉన్నాయి. వాడికి పైన ఒక చిన్న సంచీ ఉంది, అందులోంచే మూడు జతలు తిప్పుకుంటాడు. ‘విప్పితే ఏమవుతుందిరా?’ అని అక్కయ్య. ‘మళ్లీ కట్టడమేగా అమ్మా’ అని వాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తిరుమలగిరి అంటే కంటోన్మెంటు. పక్కింటి సుబేదారు కుటుంబం రెండేళ్ల కిందట వచ్చింది, బదిలీ మీద. నల్లరంగు ఇనుప పెట్టెలు, వాటి మీద తెల్లక్షరాలతో పేరు, హోదా, యూనిట్. వచ్చిన సాయంత్రమే ఆ పెట్టెలన్నీ ఖాళీ చేసి, వాటినే బల్లలుగా వేసి, పైన దుప్పట్లు పరిచి, కిటికీలకు పరదాలు కట్టి, తులసి కుండీ పెట్టింది ఆ ఇల్లాలు. పోతామని రూఢిగా తెలిసినవాళ్లు అన్నీ విప్పుకున్నారు. పోతాడో లేదో తెలియనివాడు కట్టుకొని కూచున్నాడు. శాస్త్రం ప్రకారం తిరగబడి ఉండాలి.

‘వదలు’: దీన్ని ‘వదిలిన’ అని చదవరాదు. భూతకాలం కాదు, తద్ధర్మార్థకం. వదలడమే స్వభావంగా గలది అని చెప్పుకోవాలి, ఎప్పటికి వదులుతుందో చెప్పదు. వీడి సోఫా, వంటసామాను ఇర్వింగ్‌లో అద్దె గోదాములో ఉన్నాయి, నెలనెలా అద్దె పోతోంది. అక్కడి ఫోను నంబరు కూడా వదలలేదు, బ్యాంకువాళ్ల ఓటీపీ దానికే వస్తుంది. ఆ దేశమేమో ఒక్కో దేశపువాళ్లకు ఏటా గ్రీన్‌కార్డుల్లో ఏడు శాతమే అని గీత గీసి కూచుంది. పుట్టిన దేశాన్ని బట్టి లెక్క గనుక, భారతదేశంలో పుట్టినవాడి వరస కదలదు. పదేళ్లున్నా వాడు అక్కడ అతిథే.

పాఠాంతరము: ‘వలచు దేశమొకటి’ అన్నచోట ‘పిలుచు దేశమొకటి’ అని ఉండాలని మా బావగారి వాదన. ఆయన ఆశావాది. ఈ పాఠం గ్రాహ్యం కాదు. మొదటిది, వకారానికి పికారంతో యతి చెల్లదు. రెండోది, ఆ దేశం పిలవలేదు. పిలిస్తే దాన్ని ఇన్విటేషన్ అంటారు, అది వచ్చిన 60 రోజుల్లో కాగితాలన్నీ సమర్పించాలి. పొమ్మన్న దేశానికీ అరవై రోజులే, రమ్మనే దేశానికీ అరవై రోజులే. మధ్యనున్న రోజులకు మాత్రం ఎవరి దగ్గరా లెక్క లేదు. ఒకే ఒక్కసారి కెనడా నిజంగా పిలిచింది. 2023 జులై 16న, అమెరికా హెచ్-1బీ ఉన్నవాళ్లు నేరుగా మా దగ్గరకొచ్చి పనిచేసుకోవచ్చని పదివేల అర్జీలకు తలుపు తీసింది. మర్నాటికల్లా పదివేలూ నిండాయి. అప్పటికి వీడికి ఉద్యోగం ఉంది, తలుపు వంక చూడలేదు.

శంక: అమెరికాకు, కెనడాకు నడుమ ఉన్నది ఒక గీత. డాలస్ నుంచి టొరంటోకు విమానంలో మూడు గంటలు. భూగోళానికి ఆ చివరనున్న తిరుమలగిరిని ‘నడుమ’ అనడం ఎట్లా?

సమాధానము: పటంలో కాదు, బతుకులో నడుమ. ఇంతకు మించి సమాధానం నా దగ్గర లేదు.

‘తిరుమలగిరి’: ఏ తిరుమలగిరి? సూర్యాపేట జిల్లాలో ఒకటుంది, నాగార్జునసాగర్ దగ్గర ఒకటుంది. ఇక్కడ సికింద్రాబాదుదే గ్రాహ్యం. తిరు అంటే శ్రీ. మల అంటే కొండ. గిరి అన్నా కొండే. ఆలంకారికులు పునరుక్తి దోషమంటారు, జనం పట్టించుకోలేదు. ఇంగ్లీషువాళ్లు దీన్ని ట్రిమల్‌ఘెర్రీ చేసి, ఇక్కడ దండు నిలిపారు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదు అయినది మొదలు ఈ నేల వచ్చిపోయేవాళ్లదే. ఊరి మధ్యలోనే ఉన్నా కంటోన్మెంటు హైదరాబాదు నగరపాలకసంస్థలో భాగం కాకుండా పెరిగింది. దాని బోర్డు ఢిల్లీలో రక్షణ శాఖ కింద ఉంటుంది. అంటే ఈ ఊరు కూడా అటూ కాదు, ఇటూ కాదు. మావాడికి ఇంతకన్నా తగిన విడిది దొరకదు. గేటు దగ్గర జవాను ఆపి ఎక్కడి నుంచి అని అడిగినప్పుడు మాత్రం వాడికి ఏ జవాబు చెప్పాలో తోచదు.

విశేషము: పాఠకులు గమనించారో లేదో, ఈ పద్యంలో సమాపక క్రియ లేదు. అనుచు ఏమి చేసెను? విప్పకుండ ఏమి చేసెను? చెప్పలేదు. నాలుగు పాదాలూ అయ్యాయి, వాక్యం పూర్తి కాలేదు. ఇది నా తప్పు కాదు. ఎనిమిది నెలల మాటలు వెతికాను, వాడి నోట ఒక్క సమాపక క్రియ దొరకలేదు. ‘వెళ్తూ’, ‘చూస్తూ’, ‘అయితే’, ‘వస్తే’, అంతే. అందువల్ల ‘ఉంటిని’ అనే క్రియను అధ్యాహారం చేసుకోవాలి. కవి ఒప్పుకోడు. కానీ చట్టాలు ఒప్పుకున్నాయి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే ఆదాయపు పన్నువారికి వాడు ఇక్కడివాడే. కెనడావారు మరీ చిత్రం. గడిచిన పదేళ్లలో ఏ దేశంలో వరసగా ఆరు నెలలున్నా అక్కడి పోలీసుల నుంచి సచ్చరిత్ర పత్రం తెమ్మంటారు. ఆరు నెలలు దాటడంతో ఈ తిరుమలగిరి కూడా వీడు నివసించిన దేశాల పట్టీలోకి ఎక్కింది.

పిలుపు వస్తే తడుముకోకూడదని ఆ పత్రానికి ముందే అర్జీ పెట్టాడు. మొన్న కానిస్టేబుల్ విచారణకు ఇంటికొచ్చాడు. అక్కయ్య చాయ్ ఇచ్చింది. ‘మీరు ఇక్కడే ఉంటున్నారా?’ అని అడిగాడు. మావాడు ‘రెండు వారాల కోసం…’ అని ఎత్తుకున్నాడు. ‘ఉంటున్నారా, లేదా?’ అన్నాడు కానిస్టేబుల్. ఉండటం లేదంటే పత్రం రాదు. పత్రం లేకపోతే పోవడం లేదు. కాసేపు పెట్టెల వంక చూసి, ‘ఇక్కడే ఉంటున్నా’ అన్నాడు. కానిస్టేబుల్ నమోదు చేసుకున్నాడు. నేనూ చేసుకున్నాను.

‘దిక్కు’లో శ్లేష. దిశ అని ఒక అర్థం, శరణు అని ఒక అర్థం. కవి మొదటి అర్థంలో వాడాడు, వాళ్లమ్మ రెండో అర్థంలో వింది.

సామ్యము: కాళిదాసు మేఘదూతంలో యక్షుడు కూడా కొలువులో ఏమరుపాటు వల్ల వేటు పడి రామగిరిలో తలదాచుకున్నాడు. దానికి వ్యాఖ్య రాసినవాడూ మల్లినాథుడే. అక్కడ రామగిరి, ఇక్కడ తిరుమలగిరి. యక్షుడు సందేశం మేఘంతో పంపాడు, వీడి కాగితాలన్నీ ఉన్నదీ మేఘంలోనేనట, క్లౌడ్ అంటాడు. ఒక్క భేదం. యక్షుడికి కుబేరుడు ఏడాది అని గడువు చెప్పి మరీ పంపాడు. గడువు తెలిసినవాడు గనుకనే అంత కవిత్వం చెప్పగలిగాడని నా నమ్మకం.

తాత్పర్యము: ఎండలు ముదిరాయి. రేకుల గదిలో మధ్యాహ్నం మనిషి కూర్చునేట్టు లేదు. రెండు వారాలకు కూలరెందుకని మావాడు అడ్డుపడ్డాడు. అక్కయ్య నన్ను వెంటబెట్టుకొని నిన్న లాల్‌బజార్ వెళ్లి కూలర్ కొంది, రసీదు తన పేరు మీదే రాయించుకుంది. వారంటీ ఒక ఏడాది.