చేతులు చాచారు కనుక విజయవంతం

మాదకద్రవ్యాల వ్యతిరేక దినం, జూన్ 26 వచ్చిందంటే మత్తు మాయం. భీమడోలు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎక్కడ చూసినా ర్యాలీ, మానవహారం, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ, ఫొటో. సాయంత్రానికి వాట్సాప్‌లో నివేదిక: ఇంతమంది పాల్గొన్నారు, కార్యక్రమం విజయవంతం. ఎండలో నిలబెట్టినవాళ్లను లెక్కపెట్టడం ఇంత సులువైనప్పుడు, మత్తు మానినవాళ్లను లెక్కపెట్టే పిచ్చిపని ఎవరు పెట్టుకుంటారు?

కొల్లేరు చేపల చెరువు రైతుకు ఈ విద్య అబ్బలేదు. ఎన్ని బస్తాల మేత వేశానో చెప్పి మురిసిపోడు. మధ్యలో వల వేసి నాలుగు చేపలు తీసి తూకం చూస్తాడు. బరువు పెరక్కపోతే మేత మారుస్తాడు. పాపం, నివేదికలు రాయడం రాదు.

అమెరికావాళ్లకి వచ్చు. 1983లో లాస్ ఏంజెలిస్‌లో ‘డేర్’ పేరుతో పోలీసుల చేత తరగతుల్లో పాఠాలు చెప్పించారు. టీషర్టులు, స్టిక్కర్లు, చప్పట్లు, దేశమంతా పాకింది. తీరా పరిశోధకులు ఆ పాఠం విన్న పిల్లల్నీ విననివాళ్లనీ పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. 2001లో సర్జన్ జనరల్ నివేదిక దాన్ని పనిచేయనివాటి పద్దులో వేసింది. 2013లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం ఫలితమివ్వని పద్ధతులేవో చెప్పింది: ఉపన్యాసాలు, భయపెట్టడం, ఒకప్పటి వ్యసనపరుల సాక్ష్యాలు, పోలీసుల పాఠాలు. మన సభల ఆహ్వానపత్రం ముందు పెట్టుకుని రాశారేమో!

2024 నవంబరులో మన రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం ‘ఈగల్’ వచ్చింది. ఫిర్యాదులకు 1972 నంబరు, ‘డ్రగ్స్ వద్దు బ్రో’ నినాదం. పట్టుకున్న గంజాయికి కిలోల లెక్క ఉంటుంది, సంతోషం. ఆ బ్రో విన్నాడా లేదా అనే లెక్క మాత్రం నాకు ఏ ఫ్లెక్సీ మీదా కనపడలేదు.

తేల్చడం బ్రహ్మవిద్యేం కాదు. భీమడోలులో కార్యక్రమం పెట్టండి, గుండుగొలనులో ఏడాది ఆగండి. అలాంటి ఊళ్ల జతలు ఓ ఇరవై తీసుకోండి. ముందోసారి, తర్వాతోసారి పేర్లు లేకుండా పిల్లల్ని అడగండి. (రోల్ నంబరు రాయించి అడిగితే మాత్రం జిల్లాలో ఒక్కడూ బీరు సీసా చూడనేలేదని తేలుతుంది.)

ఐస్‌లాండ్‌వాళ్లు ఇలాగే పిల్లల్ని అడుగుతూ వచ్చారు. 15, 16 ఏళ్లవాళ్లలో గడిచిన నెలలో తాగి తూలినవాళ్లు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. చేసినవాటిలో ముఖ్యమైనవి సాయంత్రం ఆటలు, సంగీతం, తల్లిదండ్రుల కాపలా, రాత్రిపూట తిరుగుళ్లకు కట్టడి. నిజమే, పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో ఐస్‌లాండ్ లేదు. అయినా వాళ్లకో అంకె ఉంది. మనకు ఫొటో ఉంది.

కొలవడం ఇక్కడి నుంచే మొదలెట్టొచ్చు: బడికి 100 గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 చట్టం. ర్యాలీ ఎలాగూ బడ్డీకొట్ల ముందు నుంచే పోతుంది కదండీ, బ్యానరు పట్టుకున్న కుర్రాడి రెండో చేతికి ఓ కొలత టేపు ఇవ్వండి. గేటు దగ్గర్నుంచి కొలుచుకుంటూ పోతాడు. వాడు అంకె చెప్పేదాకా ఫొటో ఆపండి.