జట్లు పంచుకోవడం రాని ఆటగాళ్ళు

మా కొండాపూర్ వైపు పిల్లల్ని ఆటలకి పంపితే, ఆటతోపాటు లైఫ్ స్కిల్స్ కూడా విడిగా నేర్పుతున్నారట. ఓడిపోతే ఏడవకుండా ఉండటం, నలుగురితో సర్దుకుపోవడం, టైముకి రావడం, ఇలాంటివి. వాటికి వేరే ఫీజు, వేరే సారు, చివర్లో సర్టిఫికెట్టు. నీకిది వింతగా ఉండదులే నాయనా, మంచినీళ్ళు కొనుక్కుని తాగే కాలంలో పుట్టినవాడివి.

మా రోజుల్లో ఇక్కడ సైబర్ టవర్స్ లేదు. అది 1998లో కదా వచ్చింది! అంతకుముందు మాదాపూర్ అంటే గుండ్రాళ్ళు, సీతాఫలం చెట్లు, దుర్గం చెరువు. కాస్త చదునుగా ఎక్కడ కనిపిస్తే అదే మైదానం. ఒకరోజు చిర్రగోనె, ఒకరోజు కబడ్డీ, క్రికెట్ పిచ్చి పట్టాక ఇక రోజూ అదే. ముందు జట్లు పంచుకోవాలి. పెద్దవాళ్ళిద్దరు నాయకులు. మిగతావాళ్ళం సరిజోడు చూసుకుని, ఇద్దరిద్దరం భుజాల మీద చేతులేసుకుని బండ చాటుకి పోయి, గుసగుసగా పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్ళం. ‘పులి కావాలా, సింహం కావాలా?’ నాయకుడు పులి అంటే వాడటు, నేనిటు. నాకన్నా బాగా ఆడేవాడితో జత కడదామని పోతే వాడు నన్ను ఎగాదిగా చూసి ఇంకొకడి భుజం మీద చెయ్యేసేవాడు. మన సంగతేమిటో పదేళ్ళకే తెలిసిపోయేది. ఇప్పుడదే సంగతి ఆఫీసులో అప్రైజల్ పేరుతో ఏడాదికోసారి చెబితే, ముప్పై ఏళ్ళ మగాళ్ళు అన్నం మానేసి పడుకుంటున్నారు.

ఇక తొండి. అది లేని ఆట లేదు. అవుటైనా బ్యాటు వదలనివాడు ఒకడుంటాడు. బ్యాటు వాడిదే మరి! వాణ్ణి తిట్టి, బెదిరించి, అలిగి ఇంటిదారి పడితే వెనకాలే పరిగెత్తి బతిమాలి, చివరికి ‘రేపు మొదటి బ్యాటింగ్ నీదేరా’ అని రాజీకి రావాలి. అంపైరు లేడు, కోచ్ లేడు, కారులో కూర్చుని చూసే మమ్మీ లేదు. ఇప్పుడు టర్ఫ్ గంటకింతని బుక్ చేసుకుని, చుట్టూ వల కట్టిన పంజరంలో ఆడుతున్నారు. గంట కాగానే పక్క బ్యాచ్ వచ్చి నిలబడుతుంది. తగువు పడటానికి టైమేదీ? తగువే పడనివాడికి రాజీ ఎక్కడి నుంచి వస్తుంది?

నాకు కోచ్‌లంటే గిట్టదనుకోకు. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని 1962లో జకార్తా ఏషియాడ్‌లో బంగారం తెప్పించి, మరుసటేడు పోయారు. లైఫ్ స్కిల్స్‌కి ఆయన వేరే సారుని పెట్టుకున్నట్టు నేనైతే వినలేదు.

ఇక్కడే గచ్చిబౌలిలో గోపీచంద్ లేడూ? 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచి కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నవాడు, ఇల్లు తాకట్టు పెట్టి 2008లో అకాడమీ నిలబెట్టినవాడు. అక్కడ తెల్లారకముందే ప్రాక్టీసు మొదలు. సింధు చిన్నప్పుడు మారేడ్‌పల్లి నుంచి వచ్చేది, రానూ పోనూ 56 కిలోమీటర్లు. టైముకి రావడం ఆ పిల్లకి ఏ క్లాసులో చెప్పారు? రియో ఒలింపిక్స్ ముందు గోపీచంద్ మూడు నెలలపాటు ఆమె ఫోను లాగేసుకున్నాడు, ఐస్‌క్రీం మాన్పించాడు. 2016లో వెండి పతకం వచ్చాకే రెండూ ఇచ్చాడు. అదీ పద్ధతి! నేను మా మనవడి ఫోను ఒక్క పూట దాచానని ఇంట్లో అందరూ నాతో మాటలు మానేశారు.

ఆ గోపీచందే 2025లో, డబ్బున్నవాళ్ళైతే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దించొద్దన్నాడు. పేపర్లో చదివి ఉలిక్కిపడ్డాను. కానీ ఆయన బాధ నిజం. పతకం దాకా వెళ్ళేవాళ్ళు ఎందరు? మోకాలు పోయిందనో, సెలక్షన్ రాలేదనో ఇరవై ఏళ్ళకి ఆట ఆగిపోతే, చదువు ఎప్పుడో వదిలేసిన ఆ పిల్ల ఏం చెయ్యాలి? అలా చూస్తే నలుగురిలో మాట్లాడటం, డబ్బు లెక్క చూసుకోవడం, ఆట తరవాత బతుకేమిటని ఆలోచించడం పదిహేనేళ్ళప్పుడే నేర్పడం మరీ అంత పాపం కాదేమో. ఒప్పేసుకున్నాననుకోకు, ఏమో అన్నాను, అంతే.

ఇంకో మాట, మీ అమ్మకి చెప్పకు. మా రాళ్ళ మైదానంలో ఆడపిల్లల్ని అడుగు పెట్టనిచ్చేవాళ్ళం కాదు. సైనా 2012లో లండన్ నుంచి కంచు పతకం తెచ్చింది, సింధు రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చింది. మా జట్టంతా కలిసి తెచ్చుకున్నది మోకాలి చిప్పల మీద మచ్చలు. అవైనా ఎవరికి చూపించాలి ఈ వయసులో?

అయినా నా గొణుగుడు నాదే. అకాడమీలు నడిపే సార్లకి ఒక్కటే విన్నపం: వారానికో గంట విజిల్ జేబులో పెట్టుకుని, పిల్లల్ని వదిలేసి టీకి వెళ్ళండి. జట్లు వాళ్ళనే పంచుకోనివ్వండి, తొండి వాళ్ళనే తేల్చుకోనివ్వండి. అంపైరు అక్కర్లేదు. మరీ కావాలంటే సాయంత్రాలు నేను ఖాళీగానే ఉంటాను.