మాయ చేసినోడు ఎవురు?

వేసవిలో మధ్యాహ్నం రెండు గంటలకు అనంతపురంలో ఎవరైనా తలుపు తట్టారంటే, వాళ్లు కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగులైనా కావాలి, అప్పులోళ్లైనా కావాలి. తక్కిన జనమంతా ఆ వేళకు తాడిపత్రి బండల మీద నీళ్లు చల్లుకుని, ఫ్యాను కింద మనిషికొక దిక్కుగా పడి ఉంటారు. నాలుగింటికి లేస్తారు. అయితే పడుకున్న మనిషీ లేచిన మనిషీ ఒకరేనని మా ఇంట్లో మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. మా చిన్నాయన కునుకు తీయబోయేటప్పుడు శాంతమూర్తి. లేచి, టీ చేతికందేదాకా సాక్షాత్తూ కదిరి నరసింహుడు. మా అత్త కళ్లు తెరుస్తూనే, ఎప్పుడో సంతలో అమ్మేసిన ఆవుకు కుడితి పెట్టినారా అని అడుగుతుంది. పెట్టినామని చెప్పేస్తాం. ఆమెకు తృప్తి, మాకు శాంతి.

కాబట్టి మధ్యాహ్నం నిద్ర మీద ఎవరైనా సినిమా తీస్తే, దాని మీద తీర్పు చెప్పే అర్హత దేశంలో మొదట మా జిల్లాకే ఉందని నా అభిప్రాయం. మలయాళంవాళ్లు తీశారు. పేరు ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’. దర్శకుడు లిజో జోస్ పెల్లిసేరి, నాయకుడు మమ్ముట్టి. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు గనక అది ‘నిద్ర సినిమా’గా స్థిరపడిపోయింది.

కథ చెప్పడం తేలిక, ఒప్పించడమే కష్టం. ఒక మలయాళీ నాటక బృందం వేళాంగణ్ణి దర్శనం చేసుకుని బస్సులో తిరిగి వస్తుంటుంది. జేమ్స్ అనే పెద్దమనిషికి తమిళం పడదు, తమిళ పాటలు పడవు, టీలో చక్కెర పడదు. మధ్యాహ్నం బస్సులో అందరూ నిద్రపోతారు. ఇతను లేచి, బస్సు ఆపించి, దిగి, పొలాల గుండా ఒక తమిళ పల్లెలోకి నడిచి, తాడు మీద ఆరేసిన లుంగీ కట్టుకుని, ఒకరింట్లోకి పోయి ఆవుకు మేత వేస్తాడు. ఆ ఇంటి యజమాని సుందరం రెండేళ్ల కిందట మాయమైపోయాడు. ఇప్పుడు ఈయనే సుందరం. అదే నడక, అదే తమిళం, టీలో ఇంకాస్త చక్కెర. చూపులేని తల్లి కొడుకొచ్చాడనుకుంటుంది. భార్య గుంజ పట్టుకుని నిలబడిపోతుంది. బస్సులో వచ్చిన అసలు భార్య, కొడుకు కూడా అక్కడే ఉంటారు. మరునాడు మధ్యాహ్నం మళ్లీ కునుకు. లేస్తే మళ్లీ జేమ్స్. బస్సెక్కి పోతారు. ఎందుకు, ఎలా అన్నది ఎవరూ చెప్పరు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ప్రొజెక్టర్ పట్టుకొచ్చాడు. మిద్దె మీద తెల్ల పంచె కట్టి, ఉడకబెట్టిన శెనక్కాయలు గంపలో పోసి, ఇంటిల్లిపాదినీ, పక్కింటివాళ్లనూ కూర్చోబెట్టాడు. మొదటి చిక్కు మమ్ముట్టితోనే వచ్చింది. మా సీమలో ఆయన్ను ఎరగనివాళ్లు లేరు. 2019లో వచ్చిన ‘యాత్ర’లో రాజశేఖర రెడ్డి వేషం వేసింది ఆయనే. ఈ సినిమాలో ఆయన బస్సు దిగి పొలాలకు అడ్డంపడి ఊళ్లోకి నడుస్తుంటే పక్కింటి రెడ్డెమ్మత్త గంపలోంచి చెయ్యి తీసి నమస్కారం పెట్టింది. “పాదయాత్ర మొదలయిందే” అంది. ఆయన ఆవుకు మేత వేసేదాకా ఆమె భ్రమ వీడలేదు. రైతు కష్టం తెలుసుకుంటున్నాడనే అనుకుంది.

రెండో చిక్కు శబ్దం. ఈ సినిమాలో ప్రత్యేకంగా కట్టిన నేపథ్య సంగీతమంటూ లేదు. ఊళ్లో ఎక్కడో మోగే పాత తమిళ సినిమాల పాటలు, సంభాషణలే మొదటినుంచీ చివరిదాకా వినిపిస్తుంటాయి. మా అత్త కాసేపు ఓర్చుకుని, “ఎవుర్రా వాళ్లు, టీవీ తగ్గించమనండి, ఈడ సినిమా చూస్తాండేది కనపడలేదా” అని పిట్టగోడ మీంచి అరిచింది. పక్కింటివాళ్లంతా మా మిద్దె మీదే ఉన్నారు.

ఇక కెమెరా. అది దాదాపు కదలదు. పెట్టినచోటే ఉండి, మనుషులు అటూ ఇటూ పోతుంటే చూస్తుంది. “కెమెరా ఆడ పెట్టి ఆయప్ప కూడా పండుకున్నట్లుండాడే” అన్నాడు చిన్నాయన. ఆ మాట అన్న కొద్దిసేపటికి తనూ పడుకున్నాడు.

సినిమా అయిపోయేసరికి మా మిద్దె చీలిపోయింది. రాజకీయంగా చీలడం మాకు అలవాటే. సినిమా మీద చీలడం అభిమాన సంఘాల కాలం తర్వాత ఇదే. చిన్నాయన జీవితమంతా ఆర్టీసీలో కండక్టరు. ఆయన అభ్యంతరం కళ మీద కాదు, బస్సు మీద. “అద్దె బస్సును ఒక దినమంతా రోడ్డు పక్కన నిలబెడితే వెయిటింగ్ చార్జి ఎవరు కట్టినారు? డ్రైవరు ఓనరుకు ఏమని చెప్పినాడు? ప్యాసింజరు ఇంకొకడై పోయినాడని చెప్పినాడా?” అన్నాడు. మేనల్లుడు దీన్ని తర్కంతో చూడకూడదనీ, అనుభూతి చెందాలనీ అన్నాడు. “ఫీల్ కావాల తాతా.”

“అయితిని కదరా. నిద్ర ఫీలయితిని.”

నా ఉద్దేశంలో ఆ సినిమాకు అంతకు మించిన ప్రశంస లేదు. దర్శకుడు తెర మీద నిద్రపుచ్చినవాళ్లను మా చిన్నాయన మిద్దె మీద అనుసరించాడు. మెలకువగా ఉన్నవాళ్లలో సగం మంది ఆ స్థాయికి చేరలేదు.

మేనల్లుడు వదల్లేదు. “తాతా, 2010లో ‘ఖలేజా’ను ఏమన్నారు? అర్థం కాలేదన్నారు, ఆడనీయలేదు. 2025లో మళ్లీ వేస్తే థియేటర్ల దగ్గర తిరునాళ్ల! ఇదీ అంతే. పదిహేనేళ్లు ఆగండి.”

“పదిహేనేళ్లకు నేనుంటే కదరా” అని చిన్నాయన శెనక్కాయ వలిచాడు.

కొట్లాట మా ఒక్కళ్లదే కాదని చెప్పడానికి కేరళ సంగతి కూడా ఎత్తాడు. 2022 డిసెంబరులో తిరువనంతపురం చలనచిత్రోత్సవంలో దీన్ని మొదటిసారి వేస్తే, సీటు దొరకని జనం గొడవకు దిగారు, వ్యవహారం పోలీసు కేసు దాకా పోయింది. ఆఖరుకి ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే బహుమతి దీనికే వచ్చింది. “సీటు దొరకలేదని కొట్లాడినారా?” అని మా అత్త ఆశ్చర్యపోయింది. “మనకు దొరికి కొట్లాడుకుంటాండాం.”

కలలాంటి సినిమాలకు జనంతో పేచీ పాతదే. స్పెయిన్ దేశపు లూయీ బున్యుయెల్ 1929లో పారిస్‌లో తన మొదటి సినిమా వేసినప్పుడు తెర వెనక జేబుల నిండా రాళ్లు పోసుకుని నిలబడ్డానని చెప్పుకున్నాడు, జనం తిరగబడితే విసరడానికి. తీరా జనం చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడు రెండో సినిమాకు మాత్రం కొందరు తెర మీద సిరా చల్లి హాలు ధ్వంసం చేశారు. అదే పని మా దగ్గర పెట్టుకుని ఉంటే ఆయన జేబులు బరువు చేసుకోవాల్సిన పని ఉండేది కాదు. మా జిల్లాలో చెయ్యి చాపితే రాయే. చిక్కల్లా ప్రేక్షకుడి చెయ్యికీ అదే అందుతుంది.

వీధి చివర ఉండే రిటైర్డు తెలుగు మాస్టారు మాత్రం సినిమా అరగంట గడిచేసరికే తేల్చేశారు. “ఇది పరకాయ ప్రవేశం. శంకరాచార్యులవారు అమరుక మహారాజు శరీరంలోకి వెళ్లలేదూ? శంకరులది ఎక్కడ? కాలడి. కాలడి ఎక్కడ? కేరళ. వాళ్ల సొత్తు వాళ్లు తీసుకున్నారు, ఇందులో కొత్తేముంది?” అని లేచి చెప్పులేసుకున్నారు. తక్కిన సినిమా చూడకుండానే దాని అర్థం పట్టుకుపోయిన ఏకైక ప్రేక్షకుడు ఆయన. వెళ్తూ వెళ్తూ రెండు దోసిళ్ల శెనక్కాయలు కూడా పట్టుకుపోయారు.

ఆడవాళ్ల వర్గం ఈ సిద్ధాంతాలను దగ్గరికి రానీయలేదు. వాళ్ల తగాదా మొత్తం, ఇద్దరు భార్యల్లో ఎవరి పరిస్థితి అన్యాయమన్నది. ఉన్న మొగుడు కళ్లెదుటే ఇంకొకరి ఇంటి అరుగెక్కిన ఆమెదా? పోయిన మొగుడు ముక్కూ ముఖం మార్చుకుని తిరిగొచ్చి టీ పెట్టమన్న ఆమెదా? ఈ చర్చలో నేను విన్నంత సూక్ష్మమైన సినిమా విమర్శ ఏ పత్రికలోనూ చదవలేదు. రెడ్డెమ్మత్త జేమ్స్ భార్య పక్షం. మా అత్త సుందరం భార్య పక్షం: “ఆ పిల్ల రెండేండ్లు ఏడ్చి ఏడ్చి ఇప్పుడిప్పుడే తేరుకుంటాంది. మళ్ల వచ్చి, మళ్ల పాయె. ఈసారి ఎవురి కోసమని ఏడ్చాల?” ఆ మాటకు మిద్దె మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేనల్లుడు ఫోను తీసి ఆ వాక్యం రాసుకోబోతే అత్త మొట్టికాయ వేసింది.

ఇంతా అయ్యాక మా జేజి నోరు విప్పింది. ఆమెకు మలయాళం రాదు, తమిళం రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు అసలే రావు. మునిమనవడు చెవిలో చెబుతుంటే చూసింది.

“అంతా బాగుంది. మాయ చేసినోడు ఎవురు?”

ఎవరూ లేరు జేజీ, అదే ఇందులో గొప్ప అన్నాడు వాడు.

“గొప్పేందిరా? మాయాబజారులో ఘటోత్కచుడు శశిరేఖ అయిపోలేదా? సావిత్రి మీసాలోడి మాదిరి నడిస్తే టూరింగు టాకీసులో ఒక్కరన్నా ‘ఇదేంది’ అన్యారా? అనలా. ఏంటికంటే కిష్ణుడు ఆడనే ఉండాడు. చేసినోడు కనపడితే ఎంత మాయన్నా చేసుకోండి.”

నిజమే. 1957లో ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, మా తాడిపత్రి ప్రాంతం మనిషే. షూటింగు మొదలవక ముందే స్టాప్‌వాచీ పట్టుకుని ఏ సన్నివేశం ఎంతసేపో లెక్కగట్టేవాడని పేరు. లడ్లు వాటంతటవే నోట్లోకి ఎగిరే కథలో కూడా, మాయ ఎవరిది, ఎందుకు, ఎప్పటిదాకా అన్నది ప్రేక్షకుడికి ముందే చెప్పేశాడు. మాయకు యజమానిని చూపించాడు. లిజో గారు చూపించలేదు. బృందం బస చేసిన లాడ్జి మనిషి నిద్రకూ చావుకూ సంబంధం చెప్పే ఒక తిరుక్కురళ్ పద్యాన్ని వినిపిస్తాడు, అంతే. జేజి దృష్టిలో అది వాంగ్మూలం కిందికి రాదు.

మా జిల్లా బతుకే అంత. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత మాదే తక్కువని బళ్లో బట్టీ పట్టినవాళ్లం. వాన రాకపోతే కప్పలకు పెళ్లి చేస్తాం, ఊరంతా కూర్చుని విరాటపర్వం చదివిస్తాం. 2000ల్లో మేఘమథనమని ప్రభుత్వం విమానాలు పంపి మబ్బుల్లో మందు చల్లించింది. మా రైతులు తలెత్తి చూసి, ఇంత ఖర్చుతో కప్పలకు ఎన్ని పెళ్లిళ్లు చేయొచ్చో లెక్కలు వేశారు. మా పాత ఉమ్మడి జిల్లా లేపాక్షిలో స్తంభం గాల్లో వేలాడుతుంది, కింద గుడ్డ దూర్చి తీస్తాం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి, కరువు జిల్లా నడిబొడ్డున జనాన్ని పడవల్లో తరలించారు. మా చిన్నాయన ఆ రోజు లైఫ్ జాకెట్టు వేసుకుని దిగిన ఫొటో ఇప్పటికీ చూపిస్తాడు. ఇవేవీ మాకు వింతలు కావు, ఎందుకంటే ప్రతిదానికీ ఒక యజమాని ఉన్నాడు. స్తంభానికి శిల్పి, వరదకు వంకను ఆక్రమించినవాడు, వానకు అప్పుడున్న ముఖ్యమంత్రి. వానలు పడితే ఏ పార్టీ పుణ్యం, పడకపోతే ఏ పార్టీ పాపం అన్నది మా రచ్చబండల మీద ఏనాడో తేలిపోయిన విషయం. ఎవరి ఖాతాలోనూ పడని వింత ఒక్కటొచ్చేసరికి మాకు కోపమొచ్చింది.

నన్ను అడిగితే (ఎవరూ అడగలేదు) సినిమా నాకు నచ్చింది. ఆ కథను ఎవరిచేతా సంతకం పెట్టించకుండా వదిలేసిన ధైర్యమే నచ్చింది. అయితే చిన్నాయన అడిగిన వెయిటింగ్ చార్జి సంగతి కూడా మనసులోంచి పోవడం లేదు. జేమ్స్ పిసినారి అని మొదట్లోనే చూపిస్తారు. ఆ డబ్బు ఎవరు కట్టి ఉంటారో నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

సినిమా తర్వాత చిన్నాయన దానికో ఉపయోగం కనిపెట్టాడు. చిట్టీ డబ్బులకు మనిషి మధ్యాహ్నం వస్తే, మంచం మీద లేచి కూర్చుని, అతన్ని కాసేపు తేరిపార చూసి, “ఎవురప్పా నువ్వు? నేను సుందరాన్ని” అన్నాడు. ఆ మనిషి ఏమాత్రం తొణకలేదు. సుందరం పేరు మీద కూడా రెండు కంతులు బాకీ ఉన్నాయన్నాడు.

మేనల్లుడు ఈసారి వచ్చేటప్పుడు బున్యుయెల్ 1972లో తీసిన సినిమా తెస్తానన్నాడు. ఆస్కార్ కూడా వచ్చిందట. డబ్బున్న ఆరుగురు స్నేహితులు విందుకు కూర్చుంటారు, ప్రతిసారీ ఏదో ఒక అడ్డం వచ్చి తినకుండా లేస్తారు. ఒకసారి భోజనాల బల్ల దగ్గర ఉండగానే తెర లేస్తుంది, చూస్తే వాళ్లు నాటకం స్టేజీ మీద ఉంటారు, ఎదురుగా జనం. అదీ కలే.

“కిష్ణుడు ఉండాడా?” అంది జేజి.

“లేడు జేజీ.”

మా అత్త పొయ్యి దగ్గర బొరుగులు నానబోస్తూ అంతా విని, “కూర్చున్నప్పుడల్లా తినకుండా లేస్తారా? మరి వండిందంతా ఏం చేసినారు?” అంది.