జనరల్ సారు, జెండా గద్దె

ఫ్రాన్సులో జనరల్ డీగాల్‌కు పార్టీలంటే గిట్టేది కాదు. అందుకే 1947లో తానే ఒకటి పెట్టాడు. పార్టీ అనకుండా, ఫ్రెంచి ప్రజల సమీకరణ (ఆర్పీఎఫ్) అన్నాడు. అంతకు ముందు ఏడాదే కుర్చీ వదిలేసి కొలొంబే పల్లెలోని ఇంట్లో చేరాడు. దేశం తనను బతిమాలి పిలవాలని ఆశ. 1958లో పిలిచింది కూడా. ఫామ్‌హౌస్ రాజకీయం మన సొంత పంట అని మురిసేవాళ్లు గమనించాలి.

ఆ కుదురు ఆర్పీఎఫ్‌గా మొదలై యూఎన్ఆర్, యూడీఆర్, ఆర్పీఆర్, యూఎంపీ అయి, 2015లో రిపబ్లికన్లుగా తేలింది. బోర్డులు మారాయి, పెద్దమనుషులు చాలావరకు వాళ్లే. నల్లగొండ, పాలమూరుల్లో పద్ధతి తిరగేసి ఉంటుంది. ఇక్కడ బోర్డు కదలదు, దాని కింది మనిషి కదులుతాడు. మునుగోడులో రాజగోపాల్‌రెడ్డి 2018లో కాంగ్రెస్, 2022లో బీజేపీ, 2023లో మళ్లీ కాంగ్రెస్. కండువా ఉతికించుకునే తీరికైనా ఉందో లేదో!

ఫ్రెంచి దారి పట్టింది టీఆర్ఎస్సే. 1969 ఏప్రిల్ 27న ప్రాంతాలకు అధికారాలిచ్చే రెఫరెండంలో ఓడి డీగాల్ దిగిపోయాడు. 2001లో అదే తేదీన ప్రాంతం పేరు మీద టీఆర్ఎస్ పుట్టింది. 2022 దసరాకు అది బీఆర్ఎస్ కావాలని తీర్మానించుకుంది. నెల తిరక్కముందే మునుగోడు ఉప ఎన్నిక. పాత పేరుతోనే దిగారు. అప్పుడు వాళ్ల దిగులల్లా కారును పోలిన రోడ్డురోలర్ గుర్తు గురించే. పది వేల పైచిలుకు మెజారిటీతో గట్టెక్కారు.

డిసెంబరులో పేరు ఖాయమైంది. ఊరూరా జెండా గద్దెల మీద పెయింటర్‌కు పని పడింది. మూడు మాటల్లో మార్చాల్సింది ఒక్కటే: తెలంగాణ మీద గులాబీ పూసి భారత రాయడం. ఒక్క పూతకే బేరం కుదిరిన చోట, నాలుగు వానలు పడేసరికి కింది అక్షరాలు పైకి తేలాయి. ఏడాదికి ఓట్లు లెక్కపెడితే బీఆర్ఎస్‌కు దక్కినవి పాత నల్లగొండలో 12 సీట్లకు ఒకటి, పాత పాలమూరులో 14కు రెండు.

2024 జూన్‌లో డీగాల్ వారసుల అధ్యక్షుడు సియోటీ లె పెన్ పార్టీతో పొత్తన్నాడు. సొంతవాళ్లు వెళ్లగొట్టబోతే పారిస్ ఆఫీసుకే తాళం వేయించాడు. పాపం, అనుభవం లేదు. మన కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది 2019లోనే శాసనసభా పక్షాన్ని అమాంతం ఎత్తుకెళ్లి టీఆర్ఎస్‌లో కలిపారు. నకిరేకల్, కొల్లాపూర్ ఎమ్మెల్యేలూ అందులో ఉన్నారు. తాళం ఖర్చు కూడా కాలేదు.